ఇంటి పేరే తాళంగా పెట్టిన రోజులు

మా ముత్తాతగారు గ్రామ మునసబు, తాతగారు తగవు తీర్చాక కోర్టు గడప తొక్కినవాళ్ళు లేరు, నాన్నగారి నాటికి భూములు చాలావరకు పోయినా మా ఇంటి పేరు వింటే రేపల్లె రైల్లో కూర్చున్నవాళ్ళు జరిగి చోటిచ్చేవారు. అలాంటి పేరు పాస్‌వర్డ్‌గా పనికిరాదని మొన్న మా ఫ్లాట్‌కు ఇంటర్నెట్ బిగించడానికి వచ్చినాయన చెప్పి వెళ్ళాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు.

ఫోను తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త రోజులవి. అప్పటికి మాకు మిగిలిన వ్యాపారం మూడు గోదాములు: తెనాలిలో నాన్నగారు, బాపట్లలో అక్కయ్యగారి భర్త, అంటే మా బావగారు, రేపల్లెలో నేను. రైతులు ధాన్యం, మినుములు మా దగ్గర దాచుకుని, ధర పలికినప్పుడు తీసుకెళ్ళేవారు. ఆ లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, హైదరాబాదులో సర్వర్ అద్దెకు తీసుకుందామని బావగారు అంటే, మనల్ని నమ్మి పెట్టిన సరుకు లెక్క పరాయి ఇంట్లో పెట్టడమేమిటని నాన్నగారు ససేమిరా అన్నారు. తెనాలి ఇంటి ముందు గదిలోనే సర్వర్ పెట్టించి, మేమిద్దరం దూరం నుంచి అదే తెర చూసేలా రౌటర్‌లో ఒక పోర్టు, వాకిలి లాంటిది, తెరిపించారు. దానికి తాళం మా ఇంటి పేరు. ఆ పేరు వాడే ధైర్యం ఎవడికుంటుందని ఆయన ధీమా.

కోతలు ముగిసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, కొల్లూరు రైతు ఒకాయన నా ఎదుట నిలబడి ఉండగానే, నా చెయ్యి తగలకుండా తెరమీద బాణం గుర్తు కదిలింది. నాన్నగారనుకుని ఫోన్ చేశాను. "నేను కాదురా, మీ బావేమో చూడు" అన్నారు. బావగారికి చేస్తే, "అన్నం తింటున్నానయ్యా, చెయ్యి ఎంగిలి. మీ నాన్నగారే ఏదో నొక్కి ఉంటారు" అని నవ్వారు. ముగ్గురం కాకపోతే ఇంకెవరు? ఈలోగా ఆ బాణం సరుకు పట్టిక తెరిచి, వరుసలకు వరుసలు చెరిపేస్తోంది. మళ్ళీ తెనాలికి చేసి వైరు పీకెయ్యమని అరిచాను. ఆయన ఏ వైరు పీకారో గానీ ఫోనూ తెగింది, తెరా ఆగింది. రైతు వైపు చూడలేక, రేపటికి రమ్మని చెప్పి తెనాలి బస్సెక్కాను. రైతుల బస్తాలకు లెక్క చెప్పలేకపోతే మాకు మిగిలిన ఒక్క మాటా పోతుందని, దారి పొడుగునా అదే గుబులు.

బావగారు వచ్చి రౌటర్‌లో నమోదైన చిట్టా తెరిచి చూపించారు. మా వాకిలి తట్టినవాళ్ళు అందులో పేజీలకు పేజీలు ఉన్నారు.

"ఎవరు వీళ్ళంతా?" అన్నారు నాన్నగారు.

"ఎవరో తెలియదండి మావయ్యగారూ. ఏ దేశంవాళ్ళో కూడా తెలియదు."

"మన పేరు వాళ్ళకెలా తెలుసు?"

"చుండూరు నుంచి ఈపురుపాలెం దాకా అందరికీ తెలుసంటారు కదండి, దొంగకి మాత్రం తెలియదా? గోదాము బోర్డు మీద రాసి ఉన్నది, వాకిలి తట్టినవాడికి కనిపించే కంప్యూటర్ పేరు కూడా అదే పెట్టాం."

బావగారు ఆ పోర్టు మూసేసి, మూడు ఊళ్ళ మధ్య మాత్రమే నడిచే సొరంగం లాంటి దారి ఏర్పాటు చేశారు. దాని తాళంచెవి అర్థం లేని అక్షరాల బారెడు వరుస. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని, చొక్కా జేబు మీద చెయ్యి తియ్యకుండా, పాసింజరు రైల్లో రేపల్లెకు ఆయనే తెచ్చి ఇచ్చారు. అయినా రౌటర్ దీపాలు గబగబా మిణుకుమంటే చాలు, సరుకు పట్టిక తెరిచి వరుసలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

చెరిగిన వరుసలు మాత్రం తిరిగి రాలేదు. మా దగ్గరున్న నకలు పాతది, కోతల తర్వాత వచ్చిన సరుకు అందులో లేదు. నాన్నగారు రైతులందరినీ పిలిపించి, జరిగింది దాచకుండా చెప్పి, ఎవరు ఎన్ని బస్తాలంటే అన్ని ఇవ్వమన్నారు. సరుకు దించుకున్నప్పుడు మేమిచ్చిన చీటీ చూపించమని ఒక్కరినీ అడగనివ్వలేదు.

ఇప్పుడు నా లెక్కలూ, మనవళ్ళ ఫొటోలూ ఏ ఊళ్ళో, ఎవరి సర్వర్‌లో ఉన్నాయో నాకు తెలియదు. అవి చెరిగిపోతే నా ముందుకొచ్చి చెప్పే మనిషెవరో అంతకన్నా తెలియదు. ఆనాడు రైతులు చెప్పిన లెక్కకు గోదాముల్లో సరుకు చాలలేదు. కొల్లూరు లంకలో మాకున్న నాలుగెకరాల అరటితోట అమ్మి ఆ తేడా ఇచ్చాం.