విదోసావ కళ్లద్దాల్లో గోలు

ఎగువ వ్రెలోలో పాద్రీ ఆలస్యమైతే పెళ్లి ఆగేది కాదు, మిలున్ ఆలస్యమైతే ఆగేది. ఒక మాఘమాసపు మంచులో పాద్రీ బండి కొండదారిలో కూరుకుపోతే, ఆయన వచ్చేదాకా నాలుగు గంటలపాటు మిలున్ పెళ్లివారిని చర్చి చుట్టూ తిప్పుతూ వీడియో తీశాడు. ఆ క్యాసెట్టు చూసినవాళ్లు అదేదో పాతకాలపు ఆచారమనుకున్నారు. మరుసటి ఏడు రెండు కుటుంబాలు కావాలని నాలుగు గంటలు తిరిగాయి కూడా.

ముప్పై ఏళ్లుగా కెమెరా మోసి మోసి అతని కుడిభుజం ఎడమభుజం కన్నా బెత్తెడు పైకి లేచింది. సూపు తాగేటప్పుడు కూడా ఎడమకన్ను మూసుకునే తాగేవాడు. వృత్తిలో అతనికి ఒకే ఒక పట్టుదల ఉండేది. "ఉంగరం తొడుగుతుంటే ఉంగరాన్ని ఏ వెధవైనా తీస్తాడు. అప్పుడు తీయాల్సింది తల్లి మొహం," అనేవాడు. అందుకే అతను తీసిన పెళ్లిళ్లలో ఉంగరాలు కనిపించవు, ముద్దులు కనిపించవు, కళ్లు తుడుచుకునే ఆడవాళ్లు మాత్రం గంటల తరబడి కనిపిస్తారు. జనం వాటినే మళ్లీ మళ్లీ వేయించుకుని చూసేవారు.

అతని భార్య స్తానియాది కొండ దిగువన ఉన్న దిగువ వ్రెలో. రెండూళ్లకూ పెళ్లి సంబంధాలున్నాయి, పిండిమర ఒకటే, శ్మశానం ఒకటే. ఫుట్‌బాల్ జట్లు మాత్రం రెండు. కిందటి శరదృతువులో ఎగువవాళ్లు కొట్టిన బంతి గోలు వలలో దొరికింది. వలకు పక్కన పెద్ద చిరుగుంది. బంతి ముందు నుంచి వెళ్లిందా, చిరుగులోంచి దూరిందా అన్నది తేలలేదు. ఆ చలికాలమంతా ఎగువవాళ్లు దిగువనున్న పిండిమరకు రాకుండా గోధుమలు ఉడకబెట్టుకుని తిన్నారు.

వసంతంలో మళ్లీ ఆ రెండు జట్లకే ఆట పడింది. ఎగువ క్లబ్బు పెద్ద రదోయె, రంపపుమిల్లు యజమాని, రెండూళ్లవాళ్లనూ కాఫీ హోటల్లో కూర్చోబెట్టాడు.

"టీవీలో చూడటం లేదూ? అనుమానమొస్తే రిఫరీ వేళ్లతో గాల్లో డబ్బా గీస్తాడు, వెళ్లి బొమ్మ చూస్తాడు, వచ్చి చెబుతాడు. ఇక నోరెత్తేవాడుండడు. మనకేం తక్కువ?"

"కెమెరాలు తక్కువ," అన్నాడు దిగువ క్లబ్బు పెద్ద బోగోసావ్. అతను స్తానియాకు అన్న.

"ఒకటుందిగా, మిలున్‌ది!"

"మీ ఊరివాడి కెమెరాకు మీ ఊరి కళ్లే ఉంటాయి."

"నీ చెల్లెలి మొగుడు కాదూ వాడు?"

బోగోసావ్ ఆలోచించాడు. ఎగువ వ్రెలోలో పుట్టి, దిగువ వ్రెలోకు అల్లుడైనవాడు. లోకంలో అంతకన్నా తటస్థుడు దొరకడు. "సరే. కానీ బావా, మాకు అన్యాయం జరిగిందంటే మా చెల్లెలు నీకు రొట్టెముక్క పెట్టదు, ముందే చెబుతున్నా," అన్నాడు మిలున్ వైపు తిరిగి.

"నాకు ఫుట్‌బాల్ తెలీదయ్యా," అని మిలున్ మొత్తుకున్నాడు.

"ఇంకా మంచిది!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

కెమెరా ఒకటి, గోల్‌పోస్టులు రెండు. ఏ గోలు దగ్గర పెట్టాలని మూడు రోజులు వాదించుకుని చివరికి నాణెం ఎగరేశారు. రిఫరీ వితోమిర్ మామూలు రోజుల్లో పోస్ట్‌మాన్, రెండూళ్లవాళ్ల ఉత్తరాలూ చదివినవాడు కాబట్టి అతన్ని ఎవరూ ఎదిరించేవారు కాదు. ఆట మొదలుపెట్టే ముందు అతను గట్టిగా చెప్పాడు: "బడి వైపు గోలుకు సైన్సు. మిల్లు వైపు గోలుకు నా కళ్లు. అందరికీ అర్థమైందా?"

బడి వైపు గోలుగీతకు సరిగ్గా ఎదురుగా గడ్డి మోసే ట్రాలీ నిలబెట్టి, దాని మీద మిలున్‌కు కుర్చీ వేశారు. రదోయె తన వంటింటి టీవీ తెప్పించి, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద పెట్టించాడు. అతని భార్య దాని కింద అల్లిన లేసుగుడ్డ పరిచి పంపింది.

మిల్లు వైపు రెండు గోల్స్ పడ్డాయి, జట్టుకొకటి. ఎవరూ కిక్కురుమనలేదు. బడి వైపు మాత్రం బంతి పక్కకు పోయినా ఆటగాళ్లు గాల్లో డబ్బాలు గీశారు. వితోమిర్ ఏడుసార్లు ఆ గదికి పరుగెత్తి ఏడుసార్లు తిరిగొచ్చాడు. రెండో సగానికి ఆ జబ్బు జనానికీ అంటుకుంది. చెవాపి అనే మాంసపు ముక్కలు కాలుస్తున్న బండి దగ్గర ఒకాయన, "పది ముక్కలడిగితే ఎనిమిదే పెట్టావు," అంటూ బండివాడి మొహం ముందు డబ్బా గీశాడు.

ఎనభై ఏడో నిమిషంలో ఎగువ జట్టువాడు దూరం నుంచి ఒక్క తన్ను తన్నాడు. బంతి గోలు పైకమ్మీకి తగిలి, నిటారుగా కింద పడి, ఎగిరి దిగువ గోల్‌కీపర్ గోయ్‌కో చేతుల్లోకి వచ్చింది. సగం జనం గోలన్నారు, సగం కాదన్నారు. వితోమిర్ ఈల ఊది, గాల్లో ఇంతవరకూ ఎవరూ గీయనంత పెద్ద డబ్బా గీశాడు.

గదిలో పట్టినంతమంది పట్టారు, మిగతావాళ్లు కిటికీలకు వేలాడారు. మిలున్ తీగ తగిలించాడు. బొమ్మ కదిలింది. తన్ను కనిపించింది. బంతి గాల్లోకి లేచింది, గోలు దగ్గరికొచ్చింది, కమ్మీకి ఇంకో జానెడు దూరంలో ఉండగా బొమ్మ గిర్రున పక్కకు తిరిగింది. టీవీ నిండా గోయ్‌కో తల్లి విదోసావ మొహం నిలిచింది. నల్ల తలగుడ్డ, దళసరి కళ్లద్దాలు, నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి.

"బంతేదిరా?" అన్నాడు రదోయె.

మిలున్ చెమటలు తుడుచుకున్నాడు. "అలవాటు... సరిగ్గా ఆ క్షణానికి నా చెయ్యి దానంతటదే తల్లి వైపు తిరిగిపోయింది."

"మళ్లీ వెయ్యి," అన్నాడు వితోమిర్. రెండోసారి వేసినా విదోసావే. మూడోసారి చూసేటప్పుడు బోగోసావ్‌కు ఆశ పుట్టింది. "చూడండి, శిలువ గుర్తు వేసుకుంటోంది! బిడ్డ ఆపాడని దేవుడికి దండం పెట్టుకుంటోంది."

"బిడ్డ వదిలేశాడని పెట్టుకుంటోంది," అన్నాడు రదోయె.

"ఆవిణ్ణే అడిగితే పోలా?"

విదోసావను లోపలికి తోసుకొచ్చారు. ఆవిడ టీవీలో తన మొహం చూసి ముందు తలగుడ్డ సర్దుకుంది.

"పెద్దమ్మా, బంతి గీత దాటిందా, లేదా?" అన్నాడు వితోమిర్.

"నాకేం తెలుసు నాయనా? కళ్లు మూసుకున్నాను. పాతికేళ్లుగా వీడు ఆడిన ప్రతి ఆటకీ వస్తున్నాను. బంతి వీడి దగ్గరికొస్తే కళ్లు మూసుకోవడమే నా పని."

బొమ్మ ఆపి చూశారు. నిజమే, అద్దాల వెనక కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. అంతా నీరుగారిపోయారు. అప్పుడు కిటికీలోంచి బడి లెక్కల మాస్టారు అరిచాడు: "కళ్లు మూసుకుందిగానీ, అద్దాలు మూసుకోలేదుగా!"

బొమ్మను పెద్దది చేశారు. ఎడమ అద్దంలో, చెదిరిన ముగ్గులా, తెల్లటి గీత కనిపించింది. గీతకు అవతల తెల్లటి చుక్క.

"బంతి!" అన్నాడు రదోయె. "గీత దాటేసింది! అద్దం సాక్షి!"

"అది చెవాపి బండి దీపం," అన్నాడు బోగోసావ్.

"పట్టపగలు దీపమేంటయ్యా?"

ఇద్దరూ బండివాణ్ణి పిలిచి అడిగారు. దీపం లేదన్నాడు. వితోమిర్ తీర్పు చెప్పబోయి, పోస్ట్‌మాన్ కాబట్టి చిరునామా సరిచూసుకునే అలవాటు కొద్దీ, ఒకసారి గీత చూసొస్తానని బయటికి నడిచాడు. జనమంతా వెనకే వెళ్లారు.

గోలు ముందు సున్నపు గీతలు రెండున్నాయి. మైదానం చూసుకునే ముసలాయన్ను నిలదీశారు.

"పొద్దున ఒకటి గీశాను, వంకర వచ్చింది. అందుకని జానెడు వెనగ్గా ఇంకోటి గీశాను. అదీ వంకరే. ఏది తక్కువ వంకరో తేలక రెండూ ఉంచేశాను," అన్నాడాయన ఏమాత్రం బెరుకు లేకుండా.

అద్దంలో కనిపించిన గీత ముందుదా, వెనకదా? ముందుదైతే గోలు కావచ్చు. వెనకదైతే గోలే. కానీ కనిపించనిదే అసలు గీతైతే? వితోమిర్ ఆ రెండు గీతల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పుస్తకం తీసి, పెన్సిలు తడిచేసుకుని, ఎగువ వ్రెలో ఒకటిన్నర, దిగువ వ్రెలో ఒకటి అని రాశాడు.

"సగం గోలేంటయ్యా?" అని బోగోసావ్ నెత్తి కొట్టుకున్నాడు.

"రెండు గీతల్లో కచ్చితంగా ఒకటి దాటింది. రెండోది తెలీదు. నేను అబద్ధం రాయను."

"అన్యాయం! సగాన్ని వదిలేస్తే ఒకటే అవుతుంది, ఆట సమం!"

"లెక్క ప్రకారం సగాన్ని పైకి సర్దాలి, రెండవుతుంది," అన్నాడు లెక్కల మాస్టారు జనంలోంచి. ఎగువవాళ్లు ఆయన్ను భుజాల మీదకెత్తుకున్నారు.

జిల్లా ఫుట్‌బాల్ సంఘం వాళ్ల ఫారంలో సగం రాయడానికి చోటు లేకపోయింది. క్యాసెట్టు తెప్పించుకుని ముగ్గురు సభ్యులు మధ్యాహ్నమంతా విదోసావ మొహం చూశారు. ఒకాయనకు వాళ్లమ్మ గుర్తొచ్చి లేచి వెళ్లిపోయాడట. మిగిలిన ఇద్దరూ ఆట మళ్లీ ఆడమని ఉత్తరం రాశారు. దాన్ని తెచ్చిచ్చింది కూడా వితోమిరే.

మిలున్ వారం రోజులు గుమ్మం దాటలేదు. "ముప్పై ఏళ్లలో ఒక్కటంటే ఒక్క బంతి తీయమన్నారు, అది కూడా తీయలేకపోయాను," అని స్తానియాతో అన్నాడు. ఆవిడ అతనికి రొట్టె పెట్టడం మానలేదు, కాకపోతే మాట్లాడకుండా పెట్టింది.

మంగళవారం విదోసావ ప్లమ్ జాము సీసాతో వచ్చింది. ఆ బొమ్మ ఇంకోసారి చూస్తానంది. మిలున్ వేశాడు. ఆవిడ కదలకుండా చూసి, "వీడి కోసం నేనింత భయపడతానా?" అంది మెల్లగా. "నా పెళ్లికి ఫొటో కూడా లేదు మిలున్. నన్నెవరూ ఇంత దగ్గరగా చూడలేదు. ఒక కాపీ ఇస్తావా?"

ఆ సాయంత్రమే గోయ్‌కో చూశాడు. మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర తల్లి చేతిలోంచి పాలబిందె తీసుకుని తనే మోశాడు. అది చూసిన పొరుగువాళ్లు మిలున్ తలుపు తట్టారు. ఎందుకంటే ఆ తొంభై నిమిషాల్లోనూ ప్రతి ఘట్టంలో అతని కెమెరా ఎవరో ఒకరి వైపు తిరిగే ఉంది. కాఫీ కప్పు పట్టుకుని నోరు తెరిచినవాడు, పళ్లూడిన నవ్వుతో ఎగిరే తాత, మొగుడి జట్టు ఓడుతుంటే చాటుగా సంబరపడే కోడలు. ముప్పై ఎనిమిది కాపీలు వెళ్లాయి. ఎగువవాళ్లే ఎక్కువా దిగువవాళ్లే ఎక్కువా అన్నది ఇప్పటికీ తగువే.

రెండో ఆటకు జిల్లా సంఘం పట్నం నుంచి రెండు కెమెరాలు, కొత్త సున్నం, గీత గీసే బండి పంపింది. దిగువ వ్రెలో మూడు గోల్స్ కొట్టింది. మూడింటికీ వల ఉయ్యాలలా ఊగింది, ఒక్కదానికీ కెమెరా అవసరం రాలేదు. జనానికి విసుగొచ్చి సగంలోనే చెవాపి బండి దగ్గరికి పోయారు.

మిలున్ ఆ రోజు జీవితంలో మొదటిసారి ఒట్టి చేతులతో ఒక వేడుకకు వచ్చాడు. పది నిమిషాలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదకొండో నిమిషంలో బంతి పక్కగీత దాటింది. వితోమిర్ దాన్ని దిగువవాళ్లకిచ్చాడు. మిలున్ రెండు కళ్లూ తెరుచుకుని కంచె మీదకెక్కాడు.

"వితోమిర్! గుడ్డివాడివా? అది మనవాడి కాలికి తగల్లేదు, నా రెండు కళ్లతో చూశాను!"

"దిగవయ్యా!"

"చర్చి మీద ఒట్టు! కెమెరా లేకపోతే ఏం, నేనే చూశాను!"

మూడో హెచ్చరికకు వితోమిర్ అతనికి ఎర్ర కార్డు చూపించి మైదానం బయటికి పంపాడు. ప్రేక్షకుడికి ఎర్ర కార్డు ఇవ్వొచ్చా అని ఎవరూ అడగలేదు. మిలున్ రోడ్డు మీద నిలబడి, కంచె సందుల్లోంచి చూస్తూ, గొంతు పోయేదాకా అరిచాడు. ఆట అయ్యాక స్తానియా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆ బంతి మావాళ్లదే," అంది.

"ఎవరు చెప్పారు?"

"నేను చూశాగా."

కొండెక్కి ఇల్లు చేరేదాకా ఇద్దరూ దాని మీదే వాదించుకున్నారు.