గేటు గడియారం, షెడ్డు బెల్లు

రెండువేల దశకం తొలి ఏళ్లలో నేను చిక్కబళ్ళాపురం దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను. అక్కడ టైముకు ఇద్దరు యజమానులు. గేటు దగ్గరి పంచింగ్ పెట్టె పొద్దున మా హాజరు వేసుకునేది. షెడ్డు గోడకున్న కంట్రోలర్ పెట్టె ఫ్యాన్లు, లైట్లు, సాయంత్రం బెల్లు చూసుకునేది. గేటు పెట్టెకు బ్యాటరీ ఉంది, షెడ్డు పెట్టెకు లేదు. కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా దాని గడియారం ఆగిపోయేది. మా వైపు కరెంటు పోని రోజేది? అలా అది రోజురోజుకూ వెనకబడింది.

పొద్దున గేటు గడియారం ప్రకారం ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. సాయంత్రం మాత్రం వెనకబడ్డ షెడ్డు బెల్లు మోగేదాకా కదలకూడదు. ఇదెక్కడి న్యాయం! అది మోగేసరికి మా ఊరు పేరేసంద్రకు పోయే బస్సు వెళ్లిపోయేది.

ఒక పొద్దున మా అత్త తేల్చి చెప్పేసింది. “ఇంకొక్క దినం చీకటి పడినాక వచ్చినావంటే పని మానుకోవాల.”

ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ పని ఒక్కటే. ఒళ్లు మండింది. అయినా అత్త మీద కోపం దుత్త మీద చూపించే రకం కాదు నేను. తప్పెక్కడుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రం కిటికీలోంచి గేటు గడియారంలోని ఎర్ర అంకెలు చూశాను. పని ముగిసే టైమైంది. బెల్లు మోగలేదు. మిషన్ ఆపి లేచాను.

“యాడికి పోతాండావమ్మా? బెల్లు కొట్టలేదే!” అన్నాడు సూపర్‌వైజర్.

“గేటులో టైమైపోయింది కదప్పా.”

“షెడ్డులో ఇంకా కాలేదు. కూచో.”

“పొద్దున కోత వేసేదానికి ఆ గడియారం, సాయంత్రం కట్టేసేదానికి ఈ గడియారమా? ఏదో ఒకటి పెట్టుకోండప్పా. నేను పోతాండా.”

పక్క మిషన్ పెద్దావిడ నా కొంగు లాగింది. “ఊరుకున్నంత ఉత్తమం లేదమ్మా.”

“మనం ఊరుకుంటే బస్సు ఊరుకుంటాదా?”

ఆమె నా మొహంలోకి చూసి, తన మిషన్ కూడా ఆపేసింది. “పదమ్మా” అంది. వెనక వరసలు ఒకటొకటిగా ఆగాయి. ఎంత సంతోషమేసిందో!

అందరం గేటు దగ్గరికి పోతే కాపలా అతను తియ్యలేదు. మేనేజరు పరుగున వచ్చి, ఇంజినీరును పిలిపిస్తానని, ఈ పూటకు వెళ్లి కూర్చోమని బతిమాలాడు.

“రేపటి బస్సు సంగతి రేపు చూద్దాం సార్. ఇప్పుడు గేటు తియ్యమనండి” అన్నాను. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఆడవాళ్లంతా గేటు పట్టుకుని ఊపారు. కాపలా అతను తీశాడు.

తరవాత బెంగళూరు నుంచి ఇంజినీరు వచ్చి, రెండు పెట్టెలనూ వైరుతో కలిపాడు. అప్పటినుంచి గేటు పెట్టె చెప్పిన టైమునే షెడ్డు పెట్టె వినాల్సి వచ్చింది. కానీ నాకు మటుకు ఆ మొదటి సాయంత్రమే గొప్పది. ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. అత్త బిత్తరపోయింది.

“పొద్దు గుంకకముందే వచ్చినావే! పనిలోంచి తీసేసినారా?”

“లేదత్తా. ఇంక దినమూ ఈ బస్సుకే వస్తా. పని మాత్రం మానేది లేదు.”