ఖాళీగా వదిలిన గడి

కడియంలో మా నర్సరీ పుస్తకం నలభై ఒక్క ఏళ్లుగా నేనే రాస్తున్నాను. ఏ మడిలో ఎన్ని మొక్కలున్నాయి, ఏ తేదీన అంటు కట్టారు, ఎన్ని చచ్చాయి, ఎన్ని లారీ ఎక్కాయి, అన్నీ అందులో ఉంటాయి. ఒక్క వరసలో మాత్రం సంఖ్య ఉండదు. అంట్లకు కొమ్మలిచ్చే తల్లి మామిళ్లు తోట చివర ఉండేవి. వాటిని లెక్కపెట్టకూడదు, లెక్కపెడితే అమ్మకానికి పెట్టినట్టే అనేవారు మా అత్తగారు. పేరు రాసి, పక్క గడి ఖాళీగా వదిలేవారు. నేనూ అలాగే వదిలాను.

కంప్యూటర్ చదువు పూర్తిచేసి వచ్చిన మా మనవరాలు కిందటేడు ఆ పుస్తకమంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. దూరపు వ్యాపారుల యాప్‌లు మా సరుకు గురించి అడిగితే జవాబిచ్చి, వచ్చిన ఆర్డర్లు మా తోట మేస్త్రి ఫోనుకి పంపే ప్రోగ్రాం ఒకటి రాసింది. దాన్ని కంట్రోలర్ అంటారట. ఆ జవాబు ఉత్తరంలా ఉండదు. మొక్క పేరు, రకం, వయసు, సంఖ్య అని దేనికి దానికి పేరు పెట్టి, పక్కన విలువ ఉంచి పంపుతుంది. అవతల మనిషి చదవక్కర్లేదు, మిషనే చదువుకుంటుంది. నాకు నచ్చింది. బతుకంతా నేను చేసిన పనీ అదే కదా.

తల్లి చెట్ల వరస తీసేయనా అని మనవరాలు అడిగింది.

"పుస్తకంలో ఉన్న వరస ఒక్కటి కూడా పోకూడదు" అన్నాను.

ఆషాఢంలో ఒక బుధవారం కంటి పరీక్షకని దాన్ని తోడు తీసుకుని కాకినాడ వెళ్లాను. నాలుగుంబావుకి తిరిగి వచ్చాం. తోట చివర గోతులున్నాయి. చెట్లు లేవు. క్రేను చక్రాల జాడ రోడ్డు దాకా ఉంది.

మేస్త్రి తాళ్లు చుట్టుకుంటూ, పని బాగా జరిగిందన్న ముఖంతో ఎదురొచ్చాడు.

"ఫోన్లో ఆర్డరొచ్చిందండి. రిసార్టుకంట, పెద్ద చెట్లు ఎన్నుంటే అన్నీ కావాలన్నారు. నాకూ అనుమానమొచ్చిందండి. కానీ మీ పుస్తకంలోంచే వచ్చిందని ఉంది. మీ పుస్తకం తప్పదు కదండీ అమ్మగారూ."

లారీలు అప్పటికే రావులపాలెం దాటాయి. వెనక్కి రప్పించినా లాభం లేదు. లారీల్లో పట్టడానికి కొమ్మలన్నీ మొదలంటా నరికేశారు. కింద పడిన కొమ్మల్లోంచి పుల్లలు ఏరి ఆ సాయంత్రమే అంట్లు కట్టించాను. నూట పన్నెండు కట్టాం. అన్నీ లేత ఇగుళ్లు, ఒక్కటీ పట్టలేదు. మడిలో మిగిలిన అంట్లు నాటితే అవి తల్లి చెట్లు కావడానికి పదేళ్లు కావాలి. నాకు డెబ్బై ఆరు. ఈ కూడిక ఎన్నిసార్లు చేసినా అంతే వస్తుంది.

జరిగిందేమిటో మనవరాలు వెతికి చెప్పింది. ఖాళీగా ఉన్న గడిని జవాబులో అసలు చేర్చొద్దని ప్రోగ్రాంలో తనే రాసిందట. సంఖ్య అన్నది రాకపోయేసరికి, ఎన్నైనా ఇస్తారని అవతలి యాప్ అనుకుంది.

"సున్నా అని పంపినా ఆగేది అమ్మమ్మా. తప్పు నాదే" అంది.

గడి ఖాళీగా వదిలింది నేను. వరస ఉంచమన్నదీ నేనే. ఆ మాట దానికి చెప్పలేకపోయాను.

మర్నాడు అది ప్రోగ్రాం సరిచేసింది. ఇకమీదట ప్రతి వరసలోనూ సంఖ్య ఉండి తీరాలి. తల్లి మామిళ్లకు ఏం వెయ్యనని అడిగింది. నేను తోట చివరకు వెళ్లి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ గోతులు లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఇన్నేళ్లలో అక్కడ లెక్కపెట్టడం అదే మొదలు.

వచ్చి, సున్నా వెయ్యమన్నాను.