వేగం పెంచిన చెయ్యి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమె అందరికీ పిన్నే. తడి దుప్పటి కొస పట్టుకుని వేడి రోలరుకు అందించడం ఆమె పని. అవతల నిలబడి మడతలు పెట్టేది సొంత చెల్లెలు.

ఆ రోజుల్లో టీ వేళ కబుర్లన్నీ ఆకాశం గురించే. వేరే నక్షత్రం వైపు నుంచి ఏదో వింత వస్తువు వచ్చి, మన సూర్యుణ్ణి చుట్టి తిరిగి పోతోందట. పోతూ పోతూ, ఉండాల్సిన దానికంటే వేగం పుంజుకుందట.

"ఎవరో చేసి వదిలారు, రాసిపెట్టుకోండి," అని బల్ల గుద్దేవాడు సూపర్‌వైజరు.

"ఉత్త రాయే అయ్యుండొచ్చని టీవీలో అన్నారుగా సార్," అంది పిన్ని.

"నీ మొహం! ఎవరి చెయ్యీ పడకుండా వేగం దానంతట అదే పెరుగుతుందా పిన్నీ? కాస్త బుర్ర వాడు."

అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది.

ఆ వారం బట్టలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. సూపర్‌వైజరు రోలరు వేగం పెంచే మీట పైకి నెట్టాడు. చెయ్యి తగిలితే యంత్రాన్ని ఆపే కడ్డీ ఒకటి ముందు ఉండేది. పనికి అడ్డమని దాన్నీ విప్పి మూల పడేశాడు. సాయంత్రం లోపే దుప్పటితో పాటు పిన్ని కుడిచెయ్యీ లోపలికి పోయింది. అరుపు కంటే ముందు వాసన వచ్చింది.

కొన్నాళ్లకు మేనేజరు గదిలో విచారణ. వేగం ఎవరో పెంచారని తేలితే పిన్నికి పరిహారం. తేలకపోతే అజాగ్రత్త కింద ఇంటికి.

"ఎవరూ పెంచలేదు సార్," అన్నాడు సూపర్‌వైజరు. "పాత మెషిను. దానంతట అదే పెరిగింది. ఈవిడే చూసుకోలేదు."

పిన్ని కట్టు కట్టిన మొండిచేతిని ఒళ్లో సర్దుకుంది. "ఆకాశంలో దానికైతే చెయ్యి కావాలన్నావు గదయ్యా. రోలరుకి అక్కర్లేదా?"

మేనేజరుకి నవ్వాగలేదు. "అయితే ఆ పైవాళ్లే దిగొచ్చి మీట నొక్కారేమో! కేసు వాళ్ల మీద పెడదామా అమ్మా?"

గదంతా ఘొల్లుమంది.

కళ్లారా చూసింది చెల్లెలొక్కతే. ఆమెను పిలిచారు. ఇంట్లో ఇక మిగిలిన కొలువు ఆమెదే. అది ఆమెకీ తెలుసు, వాళ్లకీ తెలుసు.

"నేను మడతలు పెట్టుకుంటున్నానండీ," అంది, అక్క వైపు తిరక్కుండా. "చూడలేదు."

చుక్కల అవతలి చేతిని కనిపెట్టిన మొనగాళ్లకి మీట మీది చెయ్యి కనిపించలేదు.

మర్నాడు రోలరు ముందు చెల్లెల్ని నిలబెట్టారు. కడ్డీ ఆ మూలే పడి ఉంది.

"కానీ, కానీ," అంటూ సూపర్‌వైజరు మీట పైకి నెట్టాడు. "మీ అక్కలా దిక్కులు చూడకు."