తాళం వేసిన ఇళ్ల ముందు ముగ్గులు

ఇన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. దింపుకునే చోటు దొరకలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతాను. మీరు నన్ను ఎరగరు, అదే మేలు.

మాది అనంతపురం వైపు మెట్ట ఊరు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది సగం ఊరు బెంగళూరికి, బిల్డింగు పనులకు పోతుంది. పోయేవాళ్లు తాళంచెవులు నాకిచ్చి పోతారు. పెద్దగా చదువుకోకపోయినా ఏ చెవి ఎవరిదో, ఎవరింట్లో ఎంతమందో, ఎవరి వయసెంతో నాకు నోటికి వచ్చు. అందుకే నామీద నమ్మకం. ఆ నమ్మకాన్నే పాడు చేశాను.

అప్పట్లో మాది పంచాయతీ. దాన్ని నగర పంచాయతీ చేయించాలని, రోడ్డు పక్కన ప్లాట్లు వేసిన పెద్దమనిషి ఒకడు తిరిగేవాడు. టౌను కావడానికి లెక్కలో జనం చాలడం లేదు. ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని రాసుకునేవాళ్లు వస్తున్నారని తెలిసి మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. తాళాలు పడిన ఇళ్లలో మనుషులున్నట్టు కనబడాలన్నాడు. టౌను అయితే మా వార్డుకు కౌన్సిలరువి నువ్వేనన్నాడు. కౌన్సిలరమ్మ! ఆ మాటకు నా ఒళ్లు ఎంత పొంగిందో తలుచుకుంటే ఇప్పుడు రోత.

వాళ్లొచ్చే రోజు పొద్దున్నే తాళాలు తీశాను. లోపల ఎలుకల కంపు. ముక్కు మూసుకుని పాత చీరలు బయటికి లాగి తీగల మీద ఆరేశాను. వాకిళ్లు ఊడ్చి, కల్లాపి చల్లి, ఒక్కో గడప ముందు ఒక్కో రకం ముగ్గు వేశాను, అన్నీ ఒక చేతివేనని తెలియకుండా. ఎంత తెలివి! రాసేవాళ్లు వస్తే, అందరూ పొలానికి పోయారని చెప్పి పేర్లూ వయసులూ గడగడా అప్పజెప్పాను. ఇక ఎప్పటికీ తిరిగిరానివాళ్లను కూడా చెప్పాను. చచ్చిపోయిన ముసలాయన్ను ఒకణ్ణి బతికించాను. వాళ్లు ముగ్గులు చూశారు, నేనిచ్చిన మజ్జిగ తాగారు, పోయారు.

ఊరు టౌనైంది. టపాసులు కాల్చారు.

మా పక్కింటి ఓబులమ్మ మొగుడు లేని మనిషి. ఉపాధి పని, మేము కరువు పని అంటాం, దానికి పోయి గుంతలు తవ్వి బతికేది. కూతురు సుజాత ఇక్కడి బడిలో తొమ్మిది చదువుతోందని, ఎంత కరువొచ్చినా బెంగళూరు గడప తొక్కలేదు. ఒకరోజు పారతో సహా వచ్చి మా అరుగు మీద కూలబడింది.

"వదినా, ఇంగ పని లేదంట. టౌనోళ్లకు కరువు పని ఇయ్యరంట."

"ఎవురన్నారు?"

"పని రాసే పిల్లోడే చెప్పినాడు. నేను టౌన్‌దాన్నా వదినా? ఇంకా చెంబెత్తుకుని కంపచెట్లలోకి పోతాండానే!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "యాడుండారు ఈ ఊర్లో అంతమంది? సగమిండ్లకు బీగాలే గదా. ఎవుడు పుట్టిచ్చినాడో, వాని నోట్లో మన్ను పడ!"

"పడాల్సిందే," అన్నాను నేను. అక్కడితో ఆగానా? ఆమెకంటే గట్టిగా నేనే తిట్టాను.

ఆ నెలలోనే కూతుర్ని వెంటబెట్టుకుని బెంగళూరు బస్సెక్కింది. తాళంచెవి నాకే ఇచ్చింది. "వాకిలి అప్పుడప్పుడు ఊడ్చు వదినా" అంది. సుజాత మళ్లీ బడి ముఖం చూడలేదు. ఇప్పుడు అక్కడే ఇటుకలు మోస్తోంది.

నేను చేయకపోతే ఇంకెవరో చేసేవారు కదా? చేసేవారేమో. కానీ ముగ్గుపిండి నా వేళ్లకే అంటింది. ఇంతా చేస్తే మా ఊరికి ఎన్నికలే రాలేదు, కౌన్సిలరూ లేదు, మన్నూ లేదు. ఎన్నికలు వచ్చి, ఆ కుర్చీలో నేను కూర్చుని ఉంటే ఇంత బాధపడేదాన్నా? జవాబు నాకు తెలుసు. నామీద నాకు అసహ్యం అందుకే.

నిన్న ఓబులమ్మ ఫోన్ చేసింది. పిల్ల ఎలా ఉందని అడగడానికి నోరు రాలేదు. వానల గురించి ఏదో మాట్లాడి పెట్టేశాను. ఆమెకు చెప్పే ధైర్యం ఈ జన్మకు వస్తుందో రాదో.

ఓబులమ్మా, అంతమందిని పుట్టించింది నేనే.

ఇక్కడైనా అనగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది. రోత మాత్రం పోలేదు.