ముగ్గురి స్నానం నీళ్లు

ఈమధ్య మా ఎదురింటివాళ్లు ఇంటి చుట్టూ మిగిలిన కాస్త మట్టినీ కప్పేసి నున్నటి బండలు పరిపించుకున్నారు. పని అయిపోయిన రోజు ఎదురింటావిడ నన్ను పిలిచి అంతా తిప్పి చూపించి, "మీరు గూడా ఏయించేసుకోండక్కా. ఒక్కరే ఉండారు. ఈ ఆకులు ఎవురు ఊడస్తారు, ఈ చెట్లు ఎవురు సూస్తారు?" అంది. నా మంచి కోరే అంది. నవ్వి ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్లి చూస్తే, అరటి ఆకులు అంచులు మాడి వేలాడుతున్నాయి. నిమ్మచెట్టు ఆకులు ముడుచుకుపోయాయి. సన్నజాజి ఒక్కటే ఏదో మర్యాదకు నిలబడ్డట్టుంది. వాటికి చీడ పట్టలేదు, తెగులూ రాలేదు. వాటికొచ్చిన కష్టమల్లా ఈ ఇంట్లో స్నానం చేసే మనుషులు తగ్గిపోవడమే. అదేం మాట అంటారేమో, దానికి మా వదిన సంగతి చెప్పాలి.

వదినంటే మావారి అక్క. నగరిలో నేతవాళ్లింట పుట్టి, అదే ఊళ్లో నేతవాళ్లింటికే కోడలై వెళ్లింది. పిల్లలు లేరు. భర్త పోయాక ఒక ట్రంకుపెట్టెతో తిరుపతికి, మా ఇంటికి వచ్చేసింది. రేణిగుంట రోడ్డు వైపున్న మా వీధిలో అప్పటికి ఇళ్లు పలుచగా ఉండేవి, మిద్దె ఎక్కితే కొండ మొత్తం కనిపించేది. ఆ రోజుల్లో మావారికి గడ్డి పిచ్చి పట్టింది. ఏదో హోటలు ముందర చూసొచ్చి మా ఇంటి ముందు పచ్చగడ్డి పరిపించారు. రెండు పూటలా పైపు పట్టుకుని దానికి నీళ్లు కొట్టడం, ఆదివారమొస్తే కత్తిరించడం, మధ్యలో కలుపు తల ఎత్తితే మందు చల్లడం, ఇదే ఆయన లోకం. వదిన వచ్చిన మర్నాడు గడపలో కూర్చుని కాఫీ తాగుతూ ఈ సేవంతా చూసి, "రేయ్ అబ్బోడా, ఈ గడ్డిని ఏ ఆవుకని పెంచతా ఉండావురా?" అంది. మావారు మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ ఎండాకాలమే మా బోరులో నీళ్లకు బదులు గాలి వచ్చింది. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడాల్సి వచ్చాక, గడ్డికి పైపు పట్టడానికి ఆయనకే మనసొప్పలేదు. వదిన ఒక్క మాటా దెప్పలేదు. మందు సీసా మాత్రం అంగడికి వాపసు పంపించింది.

మట్టిలో ఏది పోసినా ఆమెకు భయమే. చిన్నప్పుడు వాళ్ల నాయన ఇంట్లోనే నూలుకు రంగులు అద్దేవాడట. ఒకరోజు బానలో ఎర్రరంగు మిగిలిపోతే, ఈవిడ దాన్ని తీసుకెళ్లి మల్లెచెట్టు మొదట్లో పోసింది, తెల్ల నూలు ఎర్రబడినట్టే మల్లెలూ ఎర్రగా పూస్తాయని. రోజూ పొద్దున్నే లేచి మొగ్గలు చూసుకునేదట. మల్లెలు ఎర్రబడలేదు, చెట్టే చచ్చిపోయింది. తర్వాత వాళ్లింటి బావినీళ్లు కూడా కాస్త రంగు తిరిగాయని చెప్పేది. ఈ కథ చెప్పేటప్పుడు మేము నవ్వితే ఆమె నవ్వేది కాదు. అప్పట్నుంచి ఏ నీళ్లు చూసినా ఆమె అడిగే ప్రశ్న ఒకటే, "ఈ నీళ్లు యాడికి పోతా ఉండాయి?"

ఆ ప్రశ్నతోనే మా పెరడంతా మార్చేసింది. బట్టలుతికిన సబ్బునీళ్లకు వేరే గుంత తవ్వించి, అందులో కంకరా ఇసుకా పోయించి, పైన ఆ నీళ్లు తాగి బతికే మెట్టతామర నాటింది. మిద్దె మీది వాననీళ్లు వీధిలోకి పోకుండా ఇంకుడుగుంతకు మళ్లించింది. రాలిన ఆకులు కాల్చనివ్వక చెట్ల మొదళ్లలోనే పరిచేది. స్నానాలగది నుంచి పెరట్లోకి మాత్రం ఒక పిల్లకాలవ తీసింది. అది కొంచెం దూరం పోయి మూడు పాయలయ్యేది. ఒక పాయ అరటికి, ఒకటి నిమ్మకు, ఒకటి సన్నజాజికి. ఎవరు స్నానానికి వెళ్తున్నారో చూసి, మిగతా రెండు పాయలకూ తడిమట్టి ముద్దలు అడ్డం పెట్టేది. మావారు బకెట్ల మీద బకెట్లు కుమ్మరించుకునే మనిషి కాబట్టి ఆయన నీళ్లు అరటికి. ఆమెవి పొదుపు చెంబులు, అవి నిమ్మకు. నావి సన్నజాజికి. సున్నిపిండి, సీకాయ తప్ప మరొకటి వాడితే ఊరుకునేది కాదు. మావారు ఒక వాసన సబ్బును కిటికీ పైన దాచుకునేవారు. అరటి పక్కన నురగ కనిపించగానే బయటినుంచి, "అబ్బోడా, నీ సబ్బు నా కాలవలోకి వచ్చినాది సూడు!" అని కేక పడేది. అరవై దాటిన మనిషి లోపల దొంగ పిల్లాడిలా కిక్కురుమనకుండా ఉండిపోయేవారు.

మావారు ఒక వానాకాలం పోయారు. కర్మలు ముగిసి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఒక పొద్దున వదిన స్నానం చేసి వచ్చి, తడి తల ఆరబెట్టుకోకుండానే కాలవ దగ్గర కూర్చుంది. నిమ్మ పాయ మూసేసి తన నీళ్లు అరటి వైపు మళ్లించింది. "నిమ్మచెట్టు ఓర్సుకుంటాది మే. వాడి చెట్టు ఓర్సుకోల్యాదు," అంది. ఆ తర్వాత మా ఇద్దరి నీళ్లతోనే మూడు చెట్లనూ నెట్టుకొచ్చింది. ఒకనాడు అరటికి, ఒకనాడు నిమ్మకు, సన్నజాజికి కాస్త కాస్త. మేమిద్దరం ఆయన గురించి మాట్లాడుకున్నది తక్కువ. ఈరోజు నీళ్లు ఎవరికి అన్నదే మా మాట. ఆ మాటలో ఆయన ఉండేవారు.

వదిన కూడా పోయాక, నా ఒక్కదాని నీళ్లు మిగిలాయి. ఎండాకాలంలో బోరు ఇప్పటికీ అంతంతమాత్రమే. కుళాయి నీళ్లు పోద్దామని ఒకసారి బిందె ఎత్తాను కానీ, తాగే నీళ్లు మట్టిలో పోయడానికి చేయి రాలేదు. కొన్నాళ్లు రోజుకు రెండుసార్లు స్నానం చేశాను, జలుబు చేసింది. ఆ నీళ్లయినా చెట్లకు పోయొచ్చని కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. ఒంటరి మనిషికి ఎంగిలి గిన్నెలు కూడా కరువేనని అప్పుడే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. చెట్లు ఎండుతున్నాయని కాదు. ఆయన చెట్టుకో, ఆమె చెట్టుకో, ఏదో ఒకదానికి ఇంక నీళ్లు లేవని నా నోటితో నేనే చెప్పాల్సి వస్తున్నందుకు.

ఎదురింటావిడ మాట విన్న మరుసటి వారం, ఖాళీగా పడున్న మేడమీది గదులు అద్దెకిచ్చాను. రేణిగుంట దగ్గర కంపెనీలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. పై స్నానాలగది గొట్టం కూడా ఆ పిల్లకాలవలోకే కలిపించాను. షరతు ఒకటే చెప్పాను, ఘాటు సబ్బులు వద్దని. ఒకమ్మాయి ఆశ్చర్యంగా, "మా స్నానం నీళ్లు మీకెందుకాంటీ?" అంది. చెట్లకు అన్నాను. అంతకన్నా చెప్పబుద్ధి కాలేదు.

మర్నాడు తెల్లవారకముందే వాళ్ల కంపెనీ బస్సు టైముకు పైన స్నానాలు మొదలయ్యాయి. బకెట్ల మీద బకెట్లు కుమ్మరించుకుంటున్న చప్పుడు. మంచం మీద సగం నిద్రలో ఉన్న నేను, ఆయనకు తువ్వాలు ఇవ్వలేదని లేచి కూర్చున్నాను. ఒక్క క్షణమే. తర్వాత పెరట్లోకి వెళ్లాను. గోరువెచ్చని నీళ్లు, షాంపూ వాసనతో, కాలవ నిండా పరుగెత్తి వస్తున్నాయి. వద్దని చెప్పినా విననట్టున్నారు. అరవాలనిపించలేదు. మట్టి ముద్దలు తీసేసి మూడు పాయలూ వదిలేశాను. నీళ్లు ఎవరివని అడక్కుండా మూడు చెట్లూ తాగాయి. చెట్టుకు ఈరోజు నీళ్లుంటే చాలు. నాకు నిన్నటి మనుషులు కావాలి. చెట్టుకు కావాల్సింది కాలం సులువుగానే తెచ్చి ఇస్తుంది, నాకు కావాల్సింది మాత్రం ఇవ్వదు.