రూతమ్మకు మోగని గంట

ఈ పొద్దున పుంగనూరులో మా లూథరన్ చర్చి గంట మోగింది. ఒక దెబ్బ, చాలాసేపు ఆగి ఇంకో దెబ్బ. అది చావు గంట. సంఘ పెద్ద దానియేలప్ప పోయాడని నా కోడలు వచ్చి చెప్పింది. ఆ గంట వింటే నాకు పోయినవాళ్లు గుర్తుకు రారు, అది మోగకుండా పోయిన మనిషి గుర్తొస్తుంది. రూతమ్మ.

ఆమె మా చర్చిలో వాక్యం బోధించే ఉపదేశి భార్య. ఆయన పోయాక కూడా ఆడవాళ్లకు పాఠం చెప్పేది ఆమే. నేను పెళ్లితో ఆ సంఘంలోకి వచ్చినదాన్ని. బాప్తిస్మం ఇచ్చారు గాని, మత పాఠాల ప్రశ్నోత్తరి ఒప్పజెప్పి నిర్ధారణ పొందితే తప్ప, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు. అందరూ లేచి ముందుకు పోతుంటే, బిడ్డల తల్లినై ఉండి కూడా పసిపిల్లలతో చాప మీదే కూర్చునేదాన్ని. నాకు చదువు రాదు, విని నేర్చుకుంటానంటే రూతమ్మ ఒప్పుకోలేదు.

“విని చెప్తే అది నా మాట అవుతాది, నీది కాదు. సూసి చదువు,” అంది.

మదనపల్లె మండీలో టమాటాలు ఏరి వచ్చేసరికి నా వేళ్లు పులిసిన కంపు కొట్టేవి. ఆ చేతికే బొగ్గుముక్క ఇచ్చి, విరిగిన టమాటా పెట్టె చెక్క మీద అక్షరాలు దిద్దించింది. వంకరగా రాస్తే, “ఏమ్మే, అది అక్షరమా, పండుకున్న కుక్కా?” అనేది. తల నెరవడం మొదలయ్యాక గాని నేను బల్ల దగ్గర మోకరించలేదు.

ముసలితనంలో రూతమ్మ కుప్పంలో కూతురి దగ్గర జబ్బుపడింది. కూతురిది వేరే సంఘం. నయమవుతుందని చెప్పి అక్కడివాళ్లు ఆమెను తొట్టిలో ముంచి మళ్లీ బాప్తిస్మం ఇచ్చారు. కూతురి మాట కాదనలేకపోయింది. కోలుకుని పుంగనూరికి తిరిగొచ్చి, ఎప్పటిలాగే ఆదివారం బల్ల దగ్గర మోకరించింది. మా సంఘంలో రెండోసారి బాప్తిస్మం పొందడం తప్పు. దానియేలప్ప పాస్టరు అయ్యగారి చెవిలో ఏదో అన్నాడు. రొట్టె పళ్లెం ఆమెను దాటి నా దగ్గరికి వచ్చింది. నేను తీసుకోకుండా లేచి ఆమె వెంట బయటికి నడిచాను.

“నీళ్లల్లో ముంచితే, చిన్నప్పుడు తలమీద పోసింది కొట్టుకొని పోతాదామ్మా?” అని నన్నే అడిగింది.

ఇక ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే, చర్చి సమాధుల తోటలో భర్త పక్కన పడుకోవడం. ఆయన రాతి మీద కింద సగం ఆమె పేరు కోసమే చెక్కకుండా వదిలారు.

ఆమె పోయినప్పుడు దానియేలప్ప గంట తాడు ముట్టనివ్వలేదు, తోట గేటు తియ్యనివ్వలేదు.

“బాప్తిస్మం ఒకటే అని నువ్వే కదప్పా మాతో చెప్పించేది. ఒకటే అయితే రెండోది ఉత్త స్నానమే కదా?” అని అడిగాను.

“నీకు అక్షరాలు నేర్పింది ఆయమ్మే కదా, అందుకే ఇంత నోరు,” అన్నాడు.

వెనకున్నవాళ్లు నవ్వారు. ఏళ్ల తరబడి ఆమె పక్కన మోకరించినవాళ్లే. కుప్పం సంఘం వాళ్లేమో, ఆమె తమ దగ్గర నిలవలేదు కదా, తమ తోటలోనూ చోటివ్వమన్నారు. చివరికి ఊరి బయట వంక గట్టున పూడ్చాం. ఇప్పుడక్కడ ముళ్లకంప తప్ప ఏమీ కనిపించదు. నేను ఇప్పటికీ ఆ చర్చికే పోతాను. నన్ను వెళ్లగొట్టడానికి వాళ్లకింకా సాకు దొరకలేదు.

ఈరోజు దానియేలప్పకు గుంత తవ్వింది ఉపదేశి పక్కన, రూతమ్మకని ఉంచిన చోట. తోటలో ఇంకెక్కడా ఖాళీ లేదట. ఆ మాట పొద్దునే విన్నాను కాబట్టి పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి కొంగున కట్టుకుని పోయాను. అందరూ పిడికెడు మన్ను వేశారు. నేను వేయలేదు. జనం కదిలాక, ఉపదేశి రాతి మీద ఖాళీగా ఉన్న సగంలో రూతమ్మ అని రాశాను. నా అక్షరాలు ఇప్పటికీ వంకరే.

“వానొస్తే పోతాది కదత్తా,” అంది కోడలు.

పోతే మళ్లీ రాస్తాను. నాకు రాయడం వచ్చు.